పురపాలక సమాచార పత్రిక: కాలవ్యవధి నిర్ణయం, కోనసీమ సందర్భం

పట్టణ స్థానిక సంస్థ తన ఆదాయ వ్యయాలు, పన్ను గడువులు, మంచినీటి సరఫరా, పారిశుద్ధ్యం, కౌన్సిల్ తీర్మానాలు, ఆపత్కాల ఏర్పాట్లు మొదలైన విషయాలను అచ్చు వేయించి పట్టణంలోని ఇళ్లకు పంపే చిన్న పత్రికను పురపాలక సమాచార పత్రిక అంటారు. వార్తాపత్రిక అమ్ముడుపోవడం కోసం వార్తను వెదుక్కుంటే, ఈ పత్రిక తన దగ్గర ఉన్న సమాచారాన్ని దానితో పని ఉన్న పౌరుడికి చేర్చడం కోసం పుడుతుంది. రెండు సంచికల మధ్య గడిచే కాలం దాని కాలవ్యవధి. ఆ కాలాన్ని బట్టే వారపత్రిక, పక్షపత్రిక, మాసపత్రిక, రెండు నెలలకొకటి వచ్చే ద్వైమాసిక, మూడు నెలలకొకటి వచ్చే త్రైమాసిక అన్న పేర్లు ఏర్పడ్డాయి. ఏడాదికి ఎన్ని సంచికలు వేయాలన్న ప్రశ్న మొదటి చూపులో కాగితం ఖర్చుకు సంబంధించినదిగా కనిపించినా, అందులో తపాలా నిబంధనలు, పన్నుల చట్టం, కార్యాలయ సిబ్బంది శక్తి, స్థానిక వాతావరణం, పాలకుల ప్రచార కాంక్ష అన్నీ కలగలిసి ఉంటాయి. అమలాపురం కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో పురపాలక పట్టణం, రాజోలు, కొత్తపేట వంటి పంచాయతీ పట్టణాలు, ఏటా వరద నీరు చుట్టుముట్టే లంక గ్రామాలు పక్కపక్కనే ఉన్నందువల్ల ఈ ప్రశ్నను అన్ని వైపుల నుంచీ పరిశీలించడానికి ఈ ప్రాంతం ఎంతో అనువైనది.

తెలుగు పత్రికల్లో కాలవ్యవధి

తెలుగు నేలపై పత్రికల కాలవ్యవధిని సంపాదకుల అభీష్టం కంటే అచ్చుయంత్రం ఎక్కడుందన్న విషయమే ఎక్కువగా నిర్ణయించింది. కందుకూరి వీరేశలింగం 1874 అక్టోబరులో రాజమహేంద్రవరం నుంచి వెలువరించిన ‘వివేకవర్ధని’ మొదట మాసపత్రిక. రాతప్రతి మద్రాసు వెళ్లి అచ్చయి తిరిగి రావలసి ఉండగా అంతకంటే తరచుగా పత్రిక తేవడం సాధ్యమయ్యేది కాదు. సొంత ముద్రణాలయం సమకూరిన తర్వాతే దాని సంచికల మధ్య ఎడం తగ్గింది. గోదావరి మండలంలోని అధికారుల అవినీతిని పేరుపేరునా బయటపెట్టిన పత్రికకు ఆ ఎడం తగ్గడం అలంకారం కాదు. నెల తర్వాత వచ్చే ఆరోపణకూ వారం లోపల వచ్చే ఆరోపణకూ ప్రభావంలో ఉన్న తేడాను ఆనాటి పాఠకులు చూశారు. 1902లో మచిలీపట్నంలో పక్షపత్రికగా ఆరంభమైన ‘కృష్ణాపత్రిక’ తర్వాత వారపత్రిక అయింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసుకు తరలి దినపత్రికగా మారింది. ఈ మూడూ ఎక్కువ వ్యవధితో మొదలై, పాఠకులూ వనరులూ పెరిగిన కొద్దీ వ్యవధిని తగ్గించుకున్నవే. తరచుగా వస్తామని మాట ఇచ్చి తర్వాత వెనక్కి తగ్గడం కంటే ఈ దారి మేలన్నది పత్రికా నిర్వహణలో పాత పాఠం.

ప్రభుత్వ ప్రచురణల్లో రాజపత్రం, అంటే గెజెట్, ఈ సమస్యకు మరో పరిష్కారం చూపింది. మద్రాసు ప్రభుత్వం 1832లో ఆరంభించిన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్ సంప్రదాయంలోనే ఆంధ్రప్రదేశ్ రాజపత్రం వారానికొకసారి వెలువడే పద్ధతి ఏర్పడింది. వారం ఆగలేని ఉత్తర్వు వచ్చినప్పుడు ‘అసాధారణ’ అనే శీర్షికతో ప్రత్యేక సంచిక వెలువడుతుంది. నియమిత సంచికకు ఒక లయ, అత్యవసరానికి వేరే ద్వారం అన్న ఈ ఏర్పాటు ఎంతో వివేకవంతమైనది. పురపాలక పత్రికల విషయంలో దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోకపోవడం వల్లనే, ఎప్పుడో రాబోయే అత్యవసరాన్ని తలచుకుని అనవసరంగా తక్కువ వ్యవధిని ఎంచుకోవడం జరుగుతుంది.

సంస్థలు తమ పాఠకులకు నేరుగా పంపే పత్రికలకు తెలుగునాట మాస వ్యవధి స్థిరపడింది. తిరుమల తిరుపతి దేవస్థానం 1949లో బులెటిన్ రూపంలో ఆరంభించిన పత్రిక తర్వాత ‘సప్తగిరి’ అయి, నెలనెలా చందాదారుల ఇళ్లకు తపాలాలో చేరుతూ వచ్చింది. రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖ ‘ఆంధ్రప్రదేశ్’, వ్యవసాయ శాఖ ‘పాడిపంటలు’ కూడా మాసపత్రికలే. జీతం, పింఛను, రేషన్, కరెంటు బిల్లు, చీటీపాట అన్నీ నెల లెక్కన నడిచే ఇంట్లో మాసపత్రిక సులువుగా కలిసిపోవడం ఇందుకు ఒక కారణమైతే, తపాలా చట్టం రెండో కారణం.

ముప్ఫై ఒక్క రోజుల నియమం

భారత తపాలా కార్యాలయాల చట్టం 1898, తన 9వ సెక్షన్‌లో, రాయితీ తపాలా రుసుముకు అర్హమైన ‘రిజిస్టర్డ్ వార్తాపత్రిక’ను నిర్వచించింది. ఆ నిర్వచనం ప్రకారం ప్రచురణలో అధిక భాగం వార్తలు గాని, వర్తమాన విషయాలపై వ్యాసాలు గాని ఉండవలసి ఉండేది. సంచికల మధ్య ఎడం 31 రోజులకు మించకూడదన్న షరతు ఉండేది. నిజమైన చందాదారుల జాబితా కూడా ఉండవలసి ఉండేది. ఈ షరతులు తీరిన పత్రిక 50 గ్రాముల వరకు 25 పైసల రుసుముతో దేశంలో ఎక్కడికైనా వెళ్లింది. అదే కాగితం మామూలు ఉత్తరంగా వెళ్తే 20 గ్రాములకు 5 రూపాయలు. ఒక చట్టం 31 అన్న అంకెను పెట్టడంతో దేశంలో వేలకొద్దీ చిన్న పత్రికలు మాసపత్రికలుగానే పుట్టాయని చెప్పడం అతిశయోక్తి కాదు. ద్వైమాసికగానో త్రైమాసికగానో ఉండదగిన విషయమున్న పత్రికలు కూడా రాయితీ కోసం నెలనెలా పుటలు నింపుకోవలసి వచ్చింది.

అమలాపురానికి అన్వయించి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. 2011 జనగణన ప్రకారం పట్టణ జనాభా సుమారు 53 వేలు. నలుగురికి ఒక ఇల్లు చొప్పున లెక్క వేస్తే దాదాపు 13,300 ఇళ్లు అవుతాయి. కాగితం బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే కొలతను జీఎస్‌ఎం అంటారు. 70 జీఎస్‌ఎం కాగితంపై ఎ4 పరిమాణంలో 8 పుటల పత్రిక వేస్తే దాని బరువు సుమారు 17.5 గ్రాములు. అంటే 8 పుటల వరకు 5 రూపాయల ఉత్తరపు రుసుములో ఇముడుతుంది, మరో నాలుగు పుటలు చేరితే ఇమడదు. ఈ లెక్కన ఒక్క సంచికను ఉత్తరంగా పంపడానికి తపాలా ఖర్చు 66,500 రూపాయలు. త్రైమాసికకు ఏడాదికి 2,66,000, మాసపత్రికకు 7,98,000 రూపాయలు అవుతాయి. అదే మాసపత్రికకు 25 పైసల రాయితీ దొరికితే ఏడాది మొత్తానికి 39,900 రూపాయలు చాలు. రాయితీ పొందిన మాసపత్రిక, రాయితీ లేని త్రైమాసిక కంటే ఆరు రెట్లకు పైగా చౌక! తక్కువ సంచికలు వేస్తే తక్కువ ఖర్చవుతుందన్న సామాన్య భావన ఇక్కడ తలకిందులవుతుంది.

అయితే పురపాలక పత్రికకు ఈ రాయితీ అంత తేలికగా దక్కదు. ఇంటింటికీ ఉచితంగా పంపే పత్రికకు చందాదారులు ఉండరు. ఆస్తి పన్ను రసీదులోనే చందాను కలిపి వసూలు చేస్తే అది నిజమైన చందా కాజాలదు. చదవాలనుకున్నవాడు తనంతట తాను కట్టినదే చందా. పైగా 1898 నాటి చట్టం స్థానంలో పోస్టాఫీసు చట్టం 2023 వచ్చి 2024 జూన్ 18 నుంచి అమలవుతున్నందున, రుసుములు ఇక చట్టపు షెడ్యూలులో కాక నియమాల ద్వారా నిర్ణయమవుతాయి. అందువల్ల కాలవ్యవధిని నిర్ణయించే పురపాలక సంఘం తపాలా డివిజన్ కార్యాలయం నుంచి ఆ రోజు అమల్లో ఉన్న రుసుముల పట్టికను తెప్పించుకున్న తర్వాతే మిగతా లెక్కలు వేయడం సరైన క్రమం. చిరునామా రాయకుండా ఒక బీటులోని ప్రతి ఇంటికీ పోస్ట్‌మ్యాన్ చేత పంచిపెట్టించే ‘డైరెక్ట్ పోస్ట్’ అనే సేవను కూడా తపాలా శాఖ ప్రవేశపెట్టింది. చిరునామాల జాబితా తయారుచేయడం, చీటీలు అతికించడం అనే శ్రమ ఇందులో ఉండదు.

కాలవ్యవధికి చట్టపరమైన బరువు మరొకటి ఉంది. పత్రికల నమోదుకు 1867 నాటి చట్టం స్థానంలో 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన పత్రికలు, నియతకాలికల నమోదు చట్టం 2023 కింద కూడా, పాత చట్టం కింద వలెనే, నమోదైన పత్రిక తన కాలవ్యవధిని ముందుగా ప్రకటించాలి. పక్షపత్రికగా నమోదై ఏడాదికి ఐదు సంచికలు తెచ్చే సంస్థ తన ప్రకటనకు తానే విరుద్ధంగా నడుస్తున్నట్టు లెక్క.

పన్ను గడువుల నుంచి వెనక్కి లెక్కపెట్టడం

కాలవ్యవధిని నిర్ణయించే పద్ధతుల్లో అత్యంత ప్రయోజనకరమైనది గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టే పద్ధతి. ఏ తేదీ దాటితే ఒక సమాచారం పౌరుడికి పనికిరాకుండా పోతుందో ఆ తేదీని ముందు గుర్తించి, తపాలా ప్రయాణానికి వారం, అచ్చుకు వారం, విషయ సేకరణకు, డీటీపీకి, ప్రూఫులకు మరో పది రోజులు వెనక్కి జరిపితే పని మొదలుపెట్టవలసిన రోజు తేలుతుంది. ఇటువంటి తేదీలు ఏడాదిలో ఎన్ని ఉన్నాయో సంచికలు అన్ని ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో ఆస్తి పన్ను అర్ధ సంవత్సరాల వారీగా లెక్కకు వస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు మొదటి అర్ధం, అక్టోబరు నుంచి మార్చి వరకు రెండో అర్ధం. ఏడాది పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోగా ఒకేసారి చెల్లించినవారికి 5 శాతం రాయితీ ఇవ్వడం ఆనవాయితీగా వస్తున్నది. గడువు దాటిన బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మార్చి చివరి వారంలో పోస్టులో పడిన సంచిక పాఠకుడికి ఆ 5 శాతాన్ని మిగులుస్తుంది. మే మొదటి వారంలో చేరిన సంచిక ఆ రాయితీ చేజారిందన్న సంగతిని మాత్రమే తెలుపుతుంది. రెండింటికీ కాగితం, సిరా, తపాలా ఖర్చు ఒకటే. 2021-22లో రాష్ట్ర ప్రభుత్వం ఆస్తి పన్నును వార్షిక అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే స్థలం, కట్టడం కలిపిన ఆస్తి ఖరీదుకు మార్చినప్పుడు, తన ఇంటి పన్ను ఎందుకు మారిందో అర్థం చేసుకోవడానికి ప్రతి గృహస్థుకూ ఒక ఉదాహరణ లెక్కతో కూడిన నాలుగు పుటలు కావలసి వచ్చింది. అటువంటి వివరణను మైకు ఆటో చెప్పలేదు, పత్రికలో వచ్చే రెండు వాక్యాల ప్రకటనా చెప్పలేదు. అచ్చు పత్రికకు ఇప్పటికీ మిగిలి ఉన్న అసలు పని ఇదే.

సమాచారానికి ఆయుర్దాయం ఉంటుందన్న భావన ఈ పద్ధతికి పునాది. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి ధర పూట పూటకూ మారుతుంది కాబట్టి దానికి ఏ అచ్చు పత్రికా తగదు. దినపత్రికల జిల్లా పుటలు, ఫోన్లు ఆ పని చేస్తున్నాయి. రేపు ఏ వీధికి నీళ్లు రావన్న కబురు ఒక్కరోజు బతుకుతుంది. దానికి చాటింపు చాలు. కౌన్సిల్ సాధారణ సమావేశం నెలకొకసారి జరుగుతుంది గనుక తీర్మానాల వార్తకు నెల ఆయుష్షు. ఆదాయ వ్యయాల లెక్కకు త్రైమాసికం సహజమైన కొలత. 2005లో కేంద్రం ఆరంభించిన జవాహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుజ్జీవన పథకం, నిధులు తీసుకునే రాష్ట్రాలు ప్రజా వెల్లడి చట్టం చేయాలని షరతు పెట్టినప్పుడు, పురపాలక సంఘాలు మూడు నెలలకొకసారి తమ ఆర్థిక స్థితిని ప్రజల ముందుంచాలన్న ఆలోచన అందులో భాగమైంది. సమాచార హక్కు చట్టం 2005, 4వ సెక్షన్ కింద అడగకుండానే వెల్లడించవలసిన వివరాలను ఏడాదికొకసారి సవరించాలి. ఏ కార్యాలయంలో ఏ ధ్రువపత్రం దొరుకుతుందన్న పట్టిక ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఉగాదికి ఇంటికి వచ్చే పంచాంగం, ఏడాదంతా గోడకు వేలాడే క్యాలెండరు తెలుగు కుటుంబానికి బాగా అలవాటైన వార్షిక ప్రచురణలు. నిలకడైన సమాచారాన్నంతా అటువంటి గోడ క్యాలెండరుకు మార్చితే మిగతా సంచికలు సన్నబడి, చదవదగినవిగా ఉంటాయి. ఒకే పత్రికలో రోజు బతికే కబురును, ఏడాది బతికే పట్టికను కలిపి కుక్కడం వల్లనే చాలా సంస్థల పత్రికలు మడత విప్పకుండానే చిత్తు కాగితాల్లో చేరుతున్నాయి.

గోదావరి నిర్ణయించే తేదీ

కోనసీమకు గౌతమి, వసిష్ఠ పాయలు, సముద్రం హద్దులు; వైనతేయ పాయ దాని మధ్యగా పారుతుంది. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు, 1996 నవంబరు 6 నాటి తుపాను ఇక్కడి జ్ఞాపకంలో తేదీలతో సహా నిలిచి ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ప్రకటిస్తారు. ఈ హెచ్చరికలు గంటల్లో మారుతాయి. వాటిని అచ్చు పత్రిక మోయలేదు, మోయాలని ప్రయత్నించకూడదు. అయితే మొదటి హెచ్చరిక వెలువడితే ఏ లంకకు దారి మునుగుతుంది, రెండో హెచ్చరికకు ముందే పశువులను ఎక్కడికి తోలాలి, పునరావాస కేంద్రం ఏ పాఠశాలలో ఉంటుంది, గర్భిణులను ఎన్ని రోజుల ముందు ఆసుపత్రికి చేర్చాలి అన్న వివరణ వరదకు ముందే ఇంట్లో ఉండాలి. హెచ్చరికను మైకు చెబుతుంది, ఆ హెచ్చరికకు అర్థాన్ని కాగితం చెప్పాలి.

పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, జి.పెదపూడి లంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట వంటి ఊళ్లకు వరదకాలంలో తాత్కాలిక గట్టు కొట్టుకుపోయి పడవే దిక్కవుతుంది. కనకాయలంక వైపు కాజ్‌వే ఏటా మునుగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఆ ఊళ్లకు తపాలా సంచీ కూడా పడవలోనే వెళ్లవలసి ఉన్నందున, ఆ నెలల్లో పోస్టు చేసిన సంచిక ఎప్పుడు చేరుతుందో పోస్టు చేసినవారికే తెలియదు. పత్రికను నెలనెలా వేసినా జూలై సంచిక వరదలో చిక్కుకుంటుంది, త్రైమాసికగా వేసి జూలైలో పంపినా అదే గతి. కాబట్టి ఇక్కడ ఏడాదికి ఎన్ని సంచికలన్న సంఖ్య కంటే జూన్ 10 లోగా ఒక సంచిక ఇంటికి చేరిందా లేదా అన్నదే పెద్ద విషయం. సాగునీటి కాలువలకు జూన్ మొదట్లో నీరు విడుదల చేసే కాలం కూడా అదే. నవంబరు తుపానులకు ముందే కోతలు ముగియాలని రైతులు ముందస్తు నీటి కోసం ఏటా అడుగుతారు. మురుగు కాలువల పూడిక, గిట్టుబాటు ధర వంటి సమస్యలతో విసిగి 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు మానుకుని పంట విరామం ప్రకటించిన నేపథ్యంలో, ఏ కాలువ ఎప్పుడు కడతారు, ఎప్పుడు వదులుతారు, పూడికతీతకు ఎంత మంజూరైంది అన్న వివరాలు ఒకే కాగితంపై జూన్ ఆరంభంలో చేరడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

తుపానుల కాలం అక్టోబరు, నవంబరు. దానికి సెప్టెంబరు చివరి సంచిక సరిపోతుంది. ఆ సంచికే రెండో అర్ధ సంవత్సరపు పన్నును కూడా గుర్తుచేస్తుంది. డిసెంబరు చివరి సంచిక సంక్రాంతికి ముందు వస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, వాటికి తరలివచ్చే జనం, ఇతర ఊళ్ల నుంచి, విదేశాల నుంచి ఇళ్లకు చేరే పిల్లలు, వీటన్నిటి కారణంగా రవాణాకు, పారిశుద్ధ్యానికి కావలసిన ఏర్పాట్లు ఇందులో చోటుచేసుకుంటాయి. ఏడాది పొడవునా ఖాళీగా ఉండి సంక్రాంతికి మాత్రమే తెరుచుకునే ఇళ్లు కోనసీమలో ఎన్నో ఉన్నాయి. వాటి యజమానులు చేత్తో అందుకునే ఒకే ఒక్క సంచిక ఇది.

రాజోలు, కొత్తపేట

మండల కేంద్రాలుగా, వ్యాపార కూడళ్లుగా పట్టణపు పోలికలు ఉన్నప్పటికీ రాజోలు, కొత్తపేటల పాలన గ్రామ పంచాయతీలది. కొత్తపేట 2022 నుంచి రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా. పంచాయతీల ఆదాయం చిన్నది కాబట్టి ఇక్కడ పత్రిక వ్యవధికి గ్రామసభే ఆధారం. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994 ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిపారు. సభకు వచ్చినవారి చేతిలో ముందే లెక్కలు ఉంటే చర్చ ఒక తీరుగా, లేకపోతే మరో తీరుగా సాగుతుంది. గ్రామసభకు పది రోజుల ముందు చేరే రెండు పుటల అర్ధవార్షిక పత్రిక పంచాయతీకి చాలు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కోసం 2018 నుంచి ఏటా అక్టోబరు 2న మొదలయ్యే జన ప్రణాళిక ఉద్యమాన్ని బట్టి, ఏడాదికి వచ్చే ఆ రెండు సంచికల్లో ఒకటి సెప్టెంబరులో రావడం సబబు.

ఇతర దేశాల అనుభవం

ఇంగ్లండులో ప్రభుత్వం 2011లో స్థానిక సంస్థల ప్రచారానికి నియమావళి రూపొందించి, ప్రధాన స్థానిక సంస్థలు తమ పత్రికలను మూడు నెలలకొకసారి కంటే తరచుగా వేయకూడదనీ, పారిష్ కౌన్సిళ్లు నెలకొకసారి మించకూడదనీ నిర్దేశించింది. లండన్‌లోని టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ వారం వారం వెలువరించిన ‘ఈస్ట్ ఎండ్ లైఫ్’ ఈ వివాదానికి కేంద్రమై, 2016లో మూతపడింది. ప్రజల పన్నుతో నడిచే వారపత్రిక స్థానిక స్వతంత్ర పత్రికల ప్రకటనల ఆదాయాన్ని లాగేసుకుంటుందన్నది ప్రధాన అభ్యంతరం. దానికి తోడు, వారానికొకసారి పుటలు నింపవలసిన కౌన్సిల్ దగ్గర వార్తలు చాలకపోతే నాయకుల ఛాయాచిత్రాలే వార్తలవుతాయి. ఈ రెండో ప్రమాదం భారతదేశంలో మరింత దగ్గరిది. సుప్రీంకోర్టు 2015 మే 13న ప్రభుత్వ ప్రకటనలపై ఇచ్చిన తీర్పులో ప్రజాధనంతో వ్యక్తుల కీర్తిని పెంచడాన్ని తప్పుపట్టి, ఛాయాచిత్రాల వాడకానికి హద్దులు విధించవలసి వచ్చింది. ఆ హద్దులను 2016లో కొంత సడలించారు. తక్కువ సంచికలు వేసే సంస్థకు ప్రతి పుటా విలువైనది అవుతుంది కాబట్టి భజనకు చోటు మిగలదు. ఈ దృష్టితో చూసినా త్రైమాసికం మేలు.

అమెరికాలో తపాలా శాఖ నియతకాలికల రాయితీకి ఏడాదికి కనీసం నాలుగు సంచికలు ఉండాలని నియమం పెట్టింది. పాత భారతీయ చట్టం 31 రోజులన్న చోట అక్కడి చట్టం త్రైమాసికానికి తలుపు తెరిచి ఉంచింది. జపాన్‌లో పురపాలక సంఘాలు ‘కోహో’ అనే సమాచార పత్రికను నెలకొకసారో రెండుసార్లో వెలువరిస్తాయి. చాలా చోట్ల వాటిని ఇంటింటికీ చేర్చేది వీధుల వారీగా ఉండే ఇరుగుపొరుగు సంఘాలు. తపాలా రుసుమే లేనప్పుడు తరచుగా వేయడం భారం కాదన్న సంగతిని ఆ దేశం నిరూపించింది.

చేరవేత

2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయాల వల్ల ఆంధ్రప్రదేశ్‌లోనూ తపాలాకు ప్రత్యామ్నాయం ఏర్పడింది. ప్రతి నెల మొదటి తేదీన పింఛను పంచడానికి సచివాలయ సిబ్బంది వీధివీధికీ వెళ్తారు. పన్ను డిమాండు నోటీసుతో పాటు పత్రికను పంపే పద్ధతి కూడా సులువైనదే. అయితే పింఛను మార్గంలో పింఛనుదారుల ఇళ్లు మాత్రమే తగులుతాయి. నోటీసు మార్గంలో ఇంటి యజమానికి చేరుతుంది గాని అద్దెకున్నవారికి చేరదు. ఆ యజమాని హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటే మురుగు కాలువ పొంగే వీధిలో నివసిస్తున్న కుటుంబానికి ఆ కాగితం అందనే అందదు. పోస్ట్‌మ్యాన్ మాత్రం యజమాని ఎవరన్నది చూడకుండా ఇంట్లో ఉన్నవారికి ఇస్తాడు. అందుకే ఖర్చు ఎక్కువైనా తపాలా మార్గాన్ని పూర్తిగా వదులుకోవడం సమర్థనీయం కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కడుతున్న పట్టణ పౌరుడికి, శాఖా గ్రంథాలయంలో ప్రతి సంచిక ప్రతులూ వరుసగా దాచి ఉంచమని అడిగే హక్కు ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ సేవలను ఆరంభించిన తర్వాత అచ్చు పత్రిక అవసరమా అన్న ప్రశ్న వినిపిస్తుంది. ఫోన్‌లో కబురు వేగంగా వస్తుంది, అంతే వేగంగా కిందికి జారిపోతుంది. పిల్లలు దూరాన ఉండగా ఇంట్లో ఒంటరిగా ఉండే వృద్ధులు, కరెంటు పోయి ఫోను ఆరిపోయిన తుపాను రాత్రి ఏ ఇల్లయినా, గోడకు గుచ్చిన కాగితాన్నే చూసుకోవాలి. వేగపు పని ఫోను తీసుకోవడం వల్ల అచ్చు పత్రికకు తరచుగా రావలసిన ఒత్తిడి తగ్గింది, నిలకడగా, నమ్మకంగా రావలసిన బాధ్యత పెరిగింది.

ఈ కారణాలన్నీ కలిపి చూస్తే అమలాపురం పరిమాణం గల పట్టణానికి మార్చి చివర, జూన్ మొదట, సెప్టెంబరు చివర, డిసెంబరు చివర వెలువడే నాలుగు సంచికలు, ఉగాదికి ఒక గోడ క్యాలెండరు, వరద గాని తుపాను గాని తర్వాత నష్టపరిహారపు వివరాలతో ఒక అసాధారణ సంచిక తగిన ఏర్పాటు అవుతుంది. పక్షపత్రిక ఈ పరిమాణపు కార్యాలయానికి తగదు. మాసపత్రిక రాయితీ, నిజమైన చందాదారులు దొరికినప్పుడు మాత్రమే ఆలోచించదగినది. నిధులు చాలక ఒక సంచికను మానుకోవలసి వస్తే డిసెంబరు సంచికను మానుకోవచ్చు, సెప్టెంబరు సంచికను రెండు పుటలకు కుదించవచ్చు. జూన్ సంచికను మాత్రం ఏ కారణంతోనూ ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు.